డైవర్సిటీ ప్రశ్నకు బట్టీ జవాబులు నేర్పకండి

సంపాదకుల వారికి నమస్కారం.

నంద్యాలలో ఒక డిగ్రీ కాలేజీలో ఇంగ్లిష్ చెబుతున్నాను. ఫైనలియర్ పిల్లలకు మాక్ ఇంటర్వ్యూలు పెట్టే పని కూడా నాదే. క్యాంపస్ సెలక్షన్స్‌లో ఈ మధ్య హెచ్‌ఆర్ రౌండుకు వెళ్లొచ్చిన పిల్లలు ఒక ప్రశ్న గురించి పదే పదే చెబుతున్నారు. ‘డైవర్సిటీ, ఇన్‌క్లూజన్ అంటే ఏమిటి? మా కంపెనీలో మీరు దాన్ని ఎలా పాటిస్తారు?’ అన్నదే ఆ ప్రశ్న. అన్ని రకాల మనుషులకూ చోటివ్వడం, అందరినీ కలుపుకుపోవడం అని దాని అర్థం. దానికి ఎవరో నాలుగు ఇంగ్లిష్ వాక్యాలు రాసిచ్చారు. మా పిల్లలు ఒకరి తర్వాత ఒకరు వచ్చి ఆ నాలుగూ గుక్కతిప్పుకోకుండా అప్పజెబుతున్నారు. వినేవాళ్లకు అది బట్టీ అని రెండో వాక్యానికే తెలిసిపోతుంది.

మొన్న ఒకమ్మాయి అలాగే అప్పజెప్పింది. ఇంగ్లిష్ పక్కన పెట్టి తెలుగులో అడిగాను: ‘నీ టీమ్‌లో వినికిడి లేని మనిషి ఉంటే మీటింగ్ ఎట్లా జరుపుతావమ్మా?’ కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత మెల్లగా మొదలుపెట్టింది. ‘మా అన్నకు వినపడదు మేడమ్. మేం వెనక నుంచి పిలవం. ఎదురుగా పోయి, మొహం కనపడేటట్టు నిలబడి మాట్లాడతాం. రాత్రి కరెంటు పోతే ముందు లైటు వెతుక్కుంటాం, పెదాలు కనపడకపోతే అన్నకు మాట అందదు కదా. చుట్టాలొచ్చి అందరూ ఒక్కసారే మాట్లాడుతుంటే అన్న లేచి బయటికి పోతాడు. అందుకే మా అమ్మ ఒకరైనాక ఒకరు మాట్లాడండి అంటుంది.’ ‘మరి ఆఫీసులో?’ అన్నాను. ‘ఏం మాట్లాడాలో ముందురోజే రాసి పంపిస్తాను. మీటింగ్‌లో ఒక్కొక్కరే మాట్లాడాలని చెబుతాను’ అంది.

ఇంతకంటే మంచి జవాబు ఏ హెచ్‌ఆర్ మేనేజరుకైనా దొరుకుతుందా? ఇరవై ఏళ్లు ఇంట్లో బతికిన బతుకును పక్కన పెట్టించి, ఎవరో రాసిచ్చిన వాక్యాలు ఆ పిల్ల నోట్లో పెట్టాం. ఆ తప్పులో నాకూ భాగం ఉంది.

జవాబు చెప్పడం ఒక్కటే నేర్పితే సరిపోదు. ఎదుటివాళ్లు పాటించాల్సినవేమిటో కూడా పిల్లలకు తెలియాలి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. ప్రతి సంస్థా సమాన అవకాశాల విధానం ప్రకటించాలంది. ఇరవై మంది, అంతకు మించి పనిచేసే ప్రైవేటు సంస్థలైతే ఏ పోస్టులు అనువైనవో, ఎంపిక ఎలా చేస్తారో, ఏ సౌకర్యాలు ఇస్తారో అందులో రాయాలి. దాన్ని వెబ్‌సైట్లోనో, ఆఫీసులో అందరికీ కనపడే చోటో పెట్టాలి. ఈ సంగతి తెలిసిన విద్యార్థి మా కాలేజీలో ఒక్కరు కూడా కనపడలేదు.

ఆడపిల్లలకు ఎదురయ్యే ప్రశ్నలు వేరు. ‘సంబంధాలు చూస్తున్నారా? పెళ్లయ్యాక ఉద్యోగం చేస్తారా?’ అని అడుగుతారు. పక్కన కూర్చున్న అబ్బాయిని ఆ మాట అడగరు. ఈ దేశంలో ఇది పాత జబ్బే. విదేశాంగ సర్వీసు (ఐఎఫ్ఎస్)లో చేరిన తొలి మహిళ సీబీ ముత్తమ్మ, పెళ్లి చేసుకుంటే రాజీనామా చేస్తానని రాసిచ్చి ఉద్యోగంలో చేరాల్సి వచ్చింది. ఆమె సుప్రీంకోర్టుకు వెళ్లాకే, 1979లో, జస్టిస్ కృష్ణయ్యర్ ఇలాంటి నిబంధనలను గట్టిగా తప్పుపట్టారు. అప్పటికే, అంటే 1976లోనే, ఉద్యోగంలోకి తీసుకునేటప్పుడు ఆడవాళ్ల పట్ల వివక్ష చూపరాదని సమాన వేతనాల చట్టం చెప్పింది. అయినా 2024 జూన్‌లో చెన్నై దగ్గర ఒక ఐఫోన్ ఫ్యాక్టరీలో పెళ్లయిన ఆడవాళ్లను తీసుకోవడం లేదని వార్తలొచ్చాయి. కేంద్ర కార్మిక శాఖ తమిళనాడు ప్రభుత్వాన్ని నివేదిక అడగాల్సి వచ్చింది. ఆ ప్రశ్న పడగానే మా అమ్మాయిలు తల దించుకుంటారు. ‘నా పనికి సంబంధించినంత వరకు ఏ ఇబ్బందీ ఉండదండీ’ అని నిదానంగా చెప్పి ఊరుకోవడం వాళ్లతో సాధన చేయిస్తున్నాను. ఊరి పేరు, ఇంటిపేరు పట్టుకుని ‘మీరేమిట్లు?’ అని కులం కూపీ లాగే చోటా ఇంతే. పని మాటకే మళ్లించమంటున్నాను. నిజానికి అలా అడిగినవాళ్లే సిగ్గుపడాలి.

కంపెనీ గురించి తెలుసుకుని వెళ్లమని అందరం చెబుతాం. ఎక్కడ చూడాలో చెప్పం. మార్కెట్ విలువలో మొదటి 1000 లిస్టెడ్ కంపెనీలు 2022-23 నుంచి తమ సామాజిక, పర్యావరణ బాధ్యతల మీద బీఆర్‌ఎస్‌ఆర్ అనే నివేదిక ఇవ్వాలని స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ నిర్దేశించింది. వార్షిక నివేదికలోనే ఉంటుంది. ఆడవాళ్లెంత మంది, దివ్యాంగులెంత మంది, ఏడాదిలో ఎంత మంది మానేశారు, లైంగిక వేధింపుల ఫిర్యాదులు ఎన్ని వచ్చాయి, ఇవన్నీ అంకెలతో సహా అందులో దొరుకుతాయి. క్లాసులో ఒక కంపెనీ నివేదిక ప్రొజెక్టర్ మీద వేశాను. దివ్యాంగ ఉద్యోగుల వరుస రాగానే పిల్లలు ఫోన్లు తీసి శాతం లెక్కగట్టడం మొదలుపెట్టారు. చివర్లో ‘మీరేమైనా అడుగుతారా?’ అంటే అడగడానికి ఇప్పుడు వాళ్ల దగ్గర నిజమైన ప్రశ్న ఉంది. పదిమంది, అంతకు మించి పనిచేసే చోట 2013 నాటి లైంగిక వేధింపుల నిరోధక చట్టం ప్రకారం ఆ ఫిర్యాదులు వినే అంతర్గత కమిటీ ఉండాలి. ఆఫర్ లెటర్ చేతికొచ్చాక ఆ కమిటీ ఉందా అని అడగడంలో తప్పేమీ లేదు.

రెండు రాష్ట్రాల్లోని నైపుణ్య శిక్షణ సంస్థలకు, కళాశాల విద్యా శాఖలకు నా మనవి. ఇంటర్వ్యూ శిక్షణలో ఈ చట్టాలకు కనీసం రెండు తరగతులు కేటాయించండి. క్యాంపస్ డ్రైవ్‌కు వచ్చే కంపెనీ నుంచి సమాన అవకాశాల విధానం కాపీ ముందే తెప్పించుకోమని కాలేజీలకు చెప్పండి. రిజిస్ట్రేషన్ ఫారంలో ‘ఇంటర్వ్యూకు మీకేమైనా ప్రత్యేక ఏర్పాటు కావాలా?’ అని ఒక గడి పెట్టించండి. అదనపు సమయం, కింది అంతస్తులో గది, ఫోన్ ఇంటర్వ్యూకు బదులు రాతలో ప్రశ్నలు, ఏదైనా కావచ్చు.

మా కాలేజీలో ఈసారి ఆ గడి పెట్టాం. ముగ్గురు నింపారు. మూడేళ్లుగా మా దగ్గరే చదువుతున్న ఆ ముగ్గురూ ఇంతవరకు ఏ డ్రైవ్‌కూ పేరివ్వలేదు.

— ఒక అధ్యాపకురాలు, నంద్యాల