మధ్యాహ్నం కరెంటుకు తక్కువ ధర పెట్టండి: ఇంధన శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్ ఇంధన శాఖ మంత్రి గారికి,

నమస్కారం. కర్నూలులో ముప్పై ఇళ్లున్న ఒక అపార్ట్‌మెంటు సంఘానికి నేను కార్యదర్శిని. మా సంపు మోటారు గురించి మీకు చెప్పాలి.

అది 5 హెచ్‌పీ మోటారు. గంట నడిస్తే దాదాపు నాలుగు యూనిట్లు. మొన్నటిదాకా మా వాచ్‌మన్ సాయంత్రం ఏడింటికి స్విచ్ వేసేవాడు. సరిగ్గా ఆ వేళకే ఇంటింటా లైట్లు, ఏసీలు, మిక్సీలు మొదలవుతాయి. ఎండ ఉండదు, సోలార్ కరెంటు రాదు కాబట్టి థర్మల్ కేంద్రాల్లో బొగ్గు ఎక్కువ మండించాలి. బొగ్గు కరెంటు యూనిట్‌కు దాదాపు కిలో కార్బన్ డయాక్సైడ్ గాలిలో కలుస్తుంది. అదీ చాలకపోతే కరెంటు పంపిణీ చేసే డిస్కంలు బయట ఎక్కువ ధరకు కొనాలి. పట్టపగలు మాత్రం మాకు దగ్గర్లోనే, గని, శకునాల గ్రామాల దగ్గర 1,000 మెగావాట్ల సోలార్ పార్కు పనిచేస్తూ ఉంటుంది. ట్యాంకులోకి నీళ్లు ఏ వేళ ఎక్కితేనేం? అందుకే టైమర్ బిగించి, మోటారును మధ్యాహ్నం పన్నెండుకు మార్చాం.

సంఘం మీటింగులో ఒక పెద్దాయన లేచి, "మనకేం తగ్గిందయ్యా?" అన్నారు. కామన్ మీటరు బిల్లు తీసి చూపించాను. పైసా తగ్గలేదు. ఎన్ని యూనిట్లన్నదే లెక్క, ఎప్పుడు వాడామన్నది ఆ బిల్లులో ఎక్కడా లేదు.

కేంద్రం 2023 జూన్‌లో సవరించిన నిబంధనల ప్రకారం, ఏ వేళకు ఎంత వాడామో నమోదు చేసే స్మార్ట్ మీటరు ఉంటే, వ్యవసాయం తప్ప మిగతా వినియోగదారులందరికీ 2025 ఏప్రిల్ 1 నుంచి వేళను బట్టి ధర ఉండాలి. ఎండ ఉన్న గంటల్లో కనీసం 20 శాతం తక్కువ, వాడకం బాగా పెరిగే పీక్ గంటల్లో ఇళ్లకు కనీసం 10 శాతం ఎక్కువ. ఈ రెండోదే నాకు భయం. కూలికి వెళ్లొచ్చి ఏడింటికి పొయ్యి వెలిగించే ఇల్లాలు ఆ ఫ్యానునూ లైటునూ ఏ వేళకు జరుపుకుంటుంది? చిన్న ఇళ్ల మీద పడే ఆ పెంపును ప్రభుత్వమే సబ్సిడీగా భరించాలి.

వేళ మార్చడం మన రాష్ట్రానికి కొత్త కాదు. నా చిన్నప్పుడు మా నాన్న రాత్రి కరెంటు కోసం బోరు దగ్గర మంచం వేసుకుని పడుకునేవాడు. మోటారు చప్పుడు వినగానే టార్చ్ పట్టుకుని, పాములకు భయపడుతూ మడవ తిప్పడానికి పోయేవాడు. ఇప్పుడు పొలాలకు పగటిపూటే 9 గంటలు ఇస్తున్నారు. రైతుకు నిద్ర దక్కింది, గ్రిడ్‌కు ఎండ కరెంటు వాడుకునే వీలు దొరికింది. అంతపెద్ద లోడునే జరిపినవాళ్లకు ఇళ్ల మోటార్లు, గీజర్లు, ఇ-బైకుల ఛార్జింగు ఒక లెక్కా?

విద్యుత్ చట్టం, 2003లోని 108వ సెక్షన్ కింద, కరెంటు ధరలు నిర్ణయించే విద్యుత్ నియంత్రణ మండలికి విధాన ఆదేశం ఇచ్చే అధికారం ప్రభుత్వానికి ఉంది. మధ్యాహ్నపు రాయితీని ప్రతి ఇంటి బిల్లు మీదా విడిగా, తెలుగులో కనబడేలా వేయించండి. మున్సిపాలిటీలు, పంచాయతీల ఓవర్‌హెడ్ ట్యాంకులను కూడా వీలైనంత వరకు పగలే నింపమని చెప్పండి. అవి మా మోటారు కన్నా ఎన్నో రెట్లు పెద్దవి.

వచ్చే నెల మొదటి ఆదివారం మళ్లీ మా మీటింగు ఉంది. ఆ పెద్దాయనకు చెప్పడానికి ఒక తేదీ ఇవ్వండి.

ఇట్లు,
ఒక అపార్ట్‌మెంటు సంఘం కార్యదర్శి,
కర్నూలు