పండు తినకపోతే కొంపేమీ మునగదు

సంపాదకుల వారికి,

శాకాహారులు రోజూ పండ్లు తినకపోతే ఆరోగ్యమే ఉండదన్నట్టు గత ఆదివారం మీ అనుబంధంలో వచ్చిన వ్యాసం చదివి, నాలుగు రోజులు ఊరుకుని, చివరికి ఉండబట్టలేక ఈ లేఖ రాస్తున్నాను. వ్యాసం పక్కన వేసిన బొమ్మలో యాపిల్, కివీ, డ్రాగన్ ఫ్రూట్ ఉన్నాయి గానీ ఒక్క జామకాయ లేదు. వంద గ్రాముల జామలో సి విటమిన్ 200 మిల్లీగ్రాములకు పైగా ఉంటే, యాపిల్‌లో అది 5 మిల్లీగ్రాముల దరిదాపుల్లోనే ఉంటుందన్న సంగతి చిత్రకారుడికి తెలియకపోవచ్చు, రాసినవారికైనా తెలియాలి కదా!

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో రోజుకు కూరగాయలు, ఆకుకూరలు కలిపి 400 గ్రాములు తినమని, పండ్లు 100 గ్రాములు చాలని చెప్పింది. అంటే ఒక నడితరం జామకాయ. దాన్ని నేను వద్దనడం లేదు. పండులో ఉన్నది మరెక్కడా దొరకదనడమే అన్యాయం. ఒంట్లో ఎ విటమిన్‌గా మారే కెరోటిన్ మునగాకులో ఉంది, పీచు పప్పుల్లోనూ జొన్నరొట్టెలోనూ ఉంది. చిక్కల్లా సి విటమిన్‌తోనే. అది పొయ్యి మీద చాలామటుకు పోతుంది, పైగా ఆకుకూరల్లోని ఇనుము బాగా ఒంటబట్టాలంటే అది కావాలి. అందుకే మా ఇంట్లో పుంటికూర పప్పు దించాక తింటూ ఉల్లిగడ్డ కొరుకుతాం, మిగతా ఆకుకూర పప్పుల్లోనైతే నిమ్మచెక్క పిండుతాం. నిమ్మకాయ మాత్రం పండు కాదా అని ఎవరైనా అడిగితే అడగనివ్వండి, దాన్ని తినమని ఎవరూ రంగుల పేజీ వేయరు. ఇక పాలు కూడా మానేసిన వారికి అసలు లోటు బి12 విటమిన్. ఏ పండూ దాన్ని ఇవ్వదు. ఆ ముక్క వ్యాసమంతా వెతికినా కనపడలేదు.

పండ్లు తినండని ప్రతి ఆరోగ్య శిబిరంలో ఉపదేశించే అధికారులు, వాటిని కార్బైడ్‌తో మాగబెట్టరాదన్న నిషేధం సంగతి మాత్రం మరిచిపోతారు. మొన్న ఎండాకాలంలో హనుమకొండలో నేను కొన్న డజను మామిడిపండ్లు పైకి నిగనిగలాడే పసుపు, కోస్తే టెంక చుట్టూ తెల్లగా, పళ్లు పులిసేంత పులుపు. ఫిర్యాదు చేద్దామని ఒక కార్యాలయానికి ఫోన్ చేస్తే ఇంకో నంబరు ఇచ్చారు, ఆ నంబరు వారు మళ్లీ మొదటి నంబరే ఇచ్చారు.

వచ్చే ఆదివారం బొమ్మలో కివీ తీసేసి, ఆ చోట గంగవాయిలి కూర కట్ట ఒకటి వేయించగలరు.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, హనుమకొండ