నాన్న ముక్కు మీద పుండు పడకుండా కాపాడినవాళ్ళకు

మా నాన్న ఐసీయూ నుంచి, ఆ తర్వాత వార్డు నుంచి కూడా బయటపడి ఇంటికి వచ్చేశారు. ఫోన్లు చేసి ధైర్యం చెప్పినవాళ్ళకీ, అర్ధరాత్రి కారు వేసుకుని వచ్చేసిన మా చిన్నబావకీ పేరుపేరునా కృతజ్ఞతలు. ఊపిరి నిలబెట్టిన డాక్టర్లకు ఎదురుగానే దండం పెట్టి వచ్చాం. ఈ పోస్టు మాత్రం ఐసీయూ సిస్టర్ల కోసం. తమ పేర్లూ ఆసుపత్రి పేరూ రాయొద్దని వాళ్ళే అన్నారు కాబట్టి రాయడం లేదు. చదివితే వాళ్ళకి తెలిసిపోతుంది.

నాన్న గుంటూరు మిర్చి యార్డులో గుమాస్తాగా చేశారు. చిన్నప్పటి నుంచీ బీడీలు. సీఓపీడీ, అంటే ఊపిరితిత్తుల్లో గాలి ఆడనివ్వని దీర్ఘకాలిక జబ్బు, ముదిరి, ఈసారి నిమ్ము కూడా చేరడంతో ఒత్తిడితో గాలి పంపే బైపాప్ మాస్కు పెట్టారు. అది చాలక వెంటిలేటర్ దాకా వెళ్ళింది. ఇదే జబ్బుతో ఆ మధ్య మా మేనమామ ఇంకోచోట ఐసీయూలో ఉన్నాడు. ప్రాణం దక్కింది గానీ మాస్కు ఒత్తిడికి ముక్కు దూలం మీద పుండు పడింది. ఆయాసం తగ్గి ఇంటికొచ్చాక కూడా నెలల తరబడి అది మానలేదు, కళ్ళజోడు పెట్టుకోలేక అవస్థ పడ్డాడు. వీపు మీద పడే బెడ్ సోర్ల సంగతి అందరికీ తెలుసు. మాస్కులూ గొట్టాలూ క్లిప్పులూ ఒత్తుకుని కూడా అలాంటి పుళ్ళే పడతాయని మా ఇంట్లో అప్పుడే తెలిసింది. అందుకే నాన్నకు బైపాప్ అనగానే నాకు టెన్షన్ పట్టుకుంది.

మేం నోరు తెరిచి అడగకముందే సిస్టర్ స్పాంజిలా మెత్తగా ఉండే పల్చటి ఫోమ్ డ్రెస్సింగ్ కత్తిరించి, నాన్న ముక్కు దూలం మీద అతికించి, దాని మీద మాస్కు పెట్టింది. కట్టుడు పళ్ళు తీసేయడంతో బుగ్గలు లోపలికి పోయి పక్కల నుంచి గాలి బుస్సుమంటోంది. మా తమ్ముడు కంగారుపడి పట్టీలు ఇంకాస్త బిగించమన్నాడు. "కొంచెం గాలి పోతే మెషీన్ సర్దుకుంటుంది సార్, బిగిస్తే చర్మం పోతుంది. గాలి కళ్ళలోకి కొడితే మాత్రం చెప్పండి, సైజు మార్చి చూద్దాం" అంది. కేరళ అమ్మాయి. తెలుగులో మాకంటే ఓపిగ్గా మాట్లాడేది.

డాక్టర్ సరే అన్నప్పుడల్లా కాసేపు మాస్కు తీసి, పక్కన ఆక్సిజన్ పట్టుకుని, చెమట తుడిచి, డ్రెస్సింగ్ అంచు పైకెత్తి చూసేది. ఎర్రబడ్డ చోట వేలితో నొక్కితే రంగు పోయి, వదిలితే మళ్ళీ రావాలి. అలా కాకపోతే పుండుకు అది మొదలు. నాన్నది బాగా నల్లటి ఒళ్ళు, ఎరుపు కంటికి ఆనదు. అందుకని సెల్‌ఫోన్ లైటు వేసి చూసి, పక్క చర్మం కంటే అక్కడ వేడిగా ఉందా, గట్టిపడిందా అని వేలి వెనక భాగంతో తడిమేది. "తాతా, ఒక్క నిమిషం కళ్ళు మూసుకోండి" అంటూనే ఇదంతా అయిపోయేది.

వెంటిలేటర్ మీదికి వెళ్ళాక పని ఇంకా పెరిగింది. మత్తులో ఉన్న మనిషి ఎక్కడ ఒత్తుకుంటోందో చెప్పలేడు కదా. పైగా బీపీ నిలబెట్టడానికి ఇచ్చే మందుతో చర్మానికి వెళ్ళే రక్తం తగ్గుతుంది, ముఖం ఉబ్బితే రాత్రి వదులుగా ఉన్న పట్టీ తెల్లారేసరికి బిగుసుకుపోతుంది. నోట్లో గొట్టాన్ని ఇద్దరు కలిసి ఒక పెదవి మూల నుంచి రెండో మూలకు మార్చేవారు. గొంతులో ఉండే దాని బుడగలో ఒత్తిడి 20 నుంచి 30 సెంటీమీటర్ల నీటి మట్టం మధ్యే ఉందా అని మీటరు పెట్టి చూసేవారు. ఎక్కువైతే లోపలి పొర దెబ్బతింటుంది, తక్కువైతే ఉమ్ము ఊపిరితిత్తుల్లోకి దిగుతుంది. ముక్కులోంచి పొట్టలోకి వేసే రైల్స్ ట్యూబ్ ముక్కుపుటాన్ని పైకి లాగకుండా ప్లాస్టర్ వేశారు. ఆక్సిజన్ చూసే వేలి క్లిప్పు ఒక వేలి నుంచి ఇంకో వేలికి తిరుగుతూ ఉండేది. నాన్నని పక్కకి తిప్పిన ప్రతిసారీ ఒంటి కింద చెయ్యి పెట్టి వెతికేవారు. ఒకసారి ఈసీజీ వైరు దొరికింది, ఒకసారి సూది మూత. ఆ మూత చిన్నదే, కానీ కదలని మనిషి కింద రాత్రంతా ఉంటే ఏమవుతుందో ఊహించుకోండి.

మంచం దగ్గర ఫైల్లో బ్రేడెన్ స్కోరు అని రాసి ఉంటే ఏంటని హెడ్ సిస్టర్ని అడిగాను. కదలిక, తేమ, తిండి లాంటివి చూసి వేసే మార్కులట. మొత్తం 23, ఎంత తగ్గితే పుళ్ళ భయం అంత ఎక్కువ. "ఇందులో గొట్టాలకి, మాస్కులకి గడి లేదమ్మా" అని కింద చూపించారు. నాన్న ఒంటి మీద ఉన్న ఒక్కో గొట్టం పేరూ చేత్తో రాసి, పక్కన చూసిన టైము, సంతకం. ఫారంలో లేని పనిని డ్యూటీలో కలుపుకుని చేస్తున్నారు. నా దృష్టిలో ఆ కాగితం డిశ్చార్జి సమ్మరీ కంటే విలువైనది.

ఆవిడ ముక్కు మీద ఒక నల్ల మచ్చ ఉంది. 2021లో సెకండ్ వేవ్ డ్యూటీల్లో ఎన్95 మాస్కు, కళ్ళద్దాలు గంటల తరబడి పెట్టుకుంటే పడ్డ పుండు తాలూకు మచ్చ. "ఎంత మంటో నాకు తెలుసు" అన్నారు, అంతే. ఇంకేం చెప్పలేదు.

ఆసుపత్రి యాజమాన్యానికి ఒక్క విన్నపం. ఆ ఫోమ్ డ్రెస్సింగ్ మొదటి రోజు ఐసీయూలో ఉంది, తర్వాత స్టాక్ లేదని బయట మెడికల్ షాపులో కొనుక్కురమ్మన్నారు. మేం తెచ్చుకోగలిగాం. తెచ్చుకోలేని వాళ్ళ కోసమైనా అది పైన ఐసీయూలో ఎప్పుడూ ఉండేలా చూడండి.

డిశ్చార్జి రోజు హడావుడిలో నైట్ డ్యూటీ సిస్టర్లనీ, నాన్నని తిప్పడానికి చెయ్యి వేసిన వార్డ్ బాయ్‌నీ, ఆయమ్మనీ కలవలేకపోయాం. వచ్చే చెకప్‌కి వచ్చినప్పుడు తప్పకుండా పైకి వస్తాం. స్వీట్లు వద్దన్నారు కాబట్టి అమ్మ కొరివికారం పచ్చడి పెడుతోంది, అది వద్దంటే మాత్రం ఊరుకోదు.