మనసు రావట్లేదన్న అమ్మాయికి

అమ్మలూ,

నిన్న ఫోన్లో "పరిగెత్తడానికి మనసు రావట్లేదు నాన్నా, నావల్ల కాదేమో" అన్నావు. అప్పటికేదో సర్దిచెప్పాను గానీ, ఆ మాట నన్ను వదల్లేదు.

మనసు వచ్చాక బయల్దేరదామని కూర్చోకు తల్లీ. చాలాసార్లు అది బయల్దేరాకే వస్తుంది. 21 రోజులు చేస్తే ఏదైనా అలవాటైపోతుందన్న మాట నమ్మి నీరసపడ్డావనిపిస్తోంది. యూనివర్సిటీ కాలేజ్ లండన్‌లో ఫిలిపా లాలీ బృందం 96 మందిని 12 వారాలు గమనించింది. కొందరికి 18 రోజుల్లోనే అలవాటు కుదిరింది. కొందరికి 254 రోజులు పట్టేలా ఉందని లెక్క తేలింది. మధ్యస్థం 66, అంటే సగం మందికి అంతకన్నా తక్కువ, సగం మందికి ఎక్కువ. ఒక్కరోజు తప్పితే అలవాటేమీ చెడిపోలేదని కూడా తేలింది. వానపడి మానేసిన రోజుకి అంత బాధపడకు.

నాకు అసలు దిగులు నీ వేగం గురించి. పరుగుల లెక్క రాసుకునే ఆ స్ట్రావా యాప్‌లో స్నేహితురాలి టైమింగు చూసి మొదటి కిలోమీటరే ఆయాసం వచ్చేలా పరిగెడుతున్నావు. ఆ యాతన గుర్తున్న ఒళ్ళు మర్నాడు మొరాయించదూ? పరిగెడుతూనే నాతో ఫోన్లో మాట్లాడగలగాలి, అంత నెమ్మదిగా వెళ్ళు. మధ్యమధ్య నడువు. 1972 మ్యూనిక్ ఒలింపిక్స్‌లో 10,000 మీటర్లు పరిగెత్తిన జెఫ్ గాలోవే కొత్తవాళ్ళకి నేర్పింది ఇదే: కాసేపు పరుగు, కాసేపు నడక. నడిస్తే నామోషీ ఏమీ లేదమ్మా.

ఇక్కడ మా ఆర్కే బీచ్‌లో తెల్లారకముందే జనం ఉంటారు, పొద్దున పూట బళ్ళు కూడా ఆపేస్తారు. అది చూసి నువ్వూ ఐదింటికే లేవాలనుకోకు. అమెరికా వాళ్ళ మీటింగులు ముగించి అర్ధరాత్రి పడుకునేదానివి, నిద్ర చంపుకుని పరుగేంటి? సాయంత్రం షిఫ్టుకి ముందు కొండాపూర్ బొటానికల్ గార్డెన్‌కి వెళ్ళు. వారానికి మూడు రోజులు చాలు, కానీ ఆ మూడూ ఏవో ముందే ఖాయం చేసుకో. వెళ్ళాలా వద్దా అని రోజూ తర్జనభర్జన పడితే బద్ధకమే గెలుస్తుంది. చీకటి పడకముందే హాస్టల్‌కి చేరు. ఇదొక్కటీ నాన్న మాటగా విను.

ఆగస్టులో హైదరాబాద్ మారథాన్‌కి పేరిస్తానన్నావుగా, ఈసారికి 10 కిలోమీటర్లది చాలు. ఆ ఫ్లైఓవర్లు ఎక్కి దిగడం మాటలు కాదు.

బూట్ల అడుగు అరిగిపోయిందని అమ్మతో అన్నావట. డబ్బులు వేశాను. రంగు చూసి కొనకు, వేసుకుని నాలుగడుగులు పరిగెత్తి చూసి, వేళ్ళ ముందు కాస్త ఖాళీ ఉండేవి తీసుకో.

మీ నాన్న