చాపకూడుకి ఒక చాప ఇవ్వండి

సంఘ సభ్యులకు, గుంటూరు పురజనులకు, ఎక్కడెక్కడో ఉంటున్న మన ఊరి పిల్లలకు ప్రభువు నామంలో వందనాలు.

నెల నెలా ఒకరి బాధ ఒకరం విని, కలిసి తినే మా చాపకూడు సభలకి షెడ్డు వెయ్యడానికి విరాళం అడగాలనే ఇది రాస్తున్నాం. ఆ సభలు ఎందుకో చెప్పాలంటే మా చర్చిలో ఒక బెంచీ గురించి ముందు చెప్పాలి.

రెండేళ్ల కిందట ఒక ఆదివారం, టాంజానియా నుంచి ఇక్కడికి చదువుకోవడానికి వచ్చిన ఒక కుర్రాడు మా ఆరాధనకి వచ్చాడు. ఎడమవైపు మూడో బెంచీలో కూర్చున్నాడు. రెండో పాట అయ్యేసరికి ఆ బెంచీ మీద అతనొక్కడే మిగిలాడు. ఎవరూ ఒక్క మాట అనలేదు. ఒకరు ఫ్యాన్ కిందికని లేచారు, ఒకరు పిల్లాడు ఏడుస్తున్నాడని లేచారు. ఆరాధన ముగిశాక ఒక్కరం కూడా అతనికి చెయ్యి కలపలేదు. కమిటీ సభ్యులం కూడా అక్కడే ఉన్నాం.

తర్వాతి రెండు ఆదివారాలు అతను రాలేదు. కమిటీలో ఒకరు వాకబు చేసి అతని రూముకి వెళ్లారు. అతను మా మీద ఫిర్యాదేమీ చెప్పలేదు, అలవాటైపోయిందన్నాడు. టు లెట్ బోర్డు చూసి అడిగితే ఇల్లు ఇచ్చేశామంటారట, నెల తిరిగినా ఆ బోర్డు అక్కడే ఉంటుందట. బస్సులో పక్క సీటు ఖాళీగా ఉన్నా మనుషులు నిలబడే వస్తారట. వీధిలో వెనక నుంచి ఏమని పిలుస్తారో, అవి తెలుగు మాటలైనా, అతనికి బాగానే అర్థమవుతున్నాయి.

ఈ సంగతి సంఘంలో చెప్పి క్షమాపణ కోరదామనుకున్నాం. చెప్పడం పూర్తయ్యేలోపే వెనక వరసలోంచి ఒక పెద్దావిడ లేచింది. ఆవిడని అందరం అమ్మమ్మ అనే పిలుస్తాం. "ఆ బెంచీ సంగతి నాకు తెలుసు నాయనా" అంది.

అమ్మమ్మది పల్నాడు, దాచేపల్లి వైపు. చిన్నప్పుడు మిరపకాయ కోతలకి వెళ్తే చేలో దాహానికి నీళ్లు పైనుంచి దోసిట్లో పోసేవారట. ఆ కథ మాకు కొత్త కాదు, మాలో చాలామంది అమ్మానాన్నలు అలాగే తాగారు. ఆవిడ ఆ తర్వాత చెప్పిందే మేము మోయలేకపోయాం. కోడలై ఈ చర్చికి వచ్చిన కొత్తలో, ప్రభు భోజనంలో ద్రాక్షరసం ఒకే గిన్నెలో ఇచ్చే రోజుల్లో, కొన్ని కుటుంబాలు తాగాకే తమ కుటుంబాల వంతు వచ్చేదట. ఎవరూ రూలు పెట్టలేదు, ఎవరి చోటు ఎక్కడో అందరికీ తెలుసు, అంతే. "చేలో నీళ్లకి ఏడవలేదు నాయనా, ఇక్కడ ఏడ్చాను" అంది. ఆ రోజు మాకు దీవెన చెప్పుకుని లేచి వెళ్లబుద్ధి కాలేదు.

దాచుకోవలసింది ఏమీ లేదు. గుంటూరులో ఏ చర్చి ఎవరిదో ఆటో డ్రైవరు కూడా చెప్పగలడు. ఒకే దేవుణ్ణి నమ్మి కూడా మాల, మాదిగ, పై కులాలు అని విడివిడిగా కూర్చున్నాం. పెళ్లి సంబంధం మాట వస్తే బాప్తిస్మం కంటే ముందు కులమే అడుగుతాం. యూదులు దూరం పెట్టిన సమరయ స్త్రీని ప్రభువు తాగడానికి నీళ్లడిగిన సంగతి ఏటా ప్రసంగాల్లో వింటూనే ఉన్నాం.

అమెరికాలో నల్లవాళ్ల హక్కుల కోసం పోరాడిన మార్టిన్ లూథర్ కింగ్ 1959లో మన దేశానికి వచ్చినప్పుడు తిరువనంతపురంలో ఒక స్కూలుకి వెళ్లారు. ఒకప్పుడు అంటరానివాళ్లన్న కుటుంబాల పిల్లలు అక్కడ చదువుతున్నారు. ఈయన అమెరికా నుంచి వచ్చిన మీలాంటి అంటరాని మనిషే అని ప్రిన్సిపాల్ ఆయన్ని పరిచయం చేశారు. కింగ్ గారికి ముందు మనసు చివుక్కుమంది. తర్వాత తన దేశంలో నల్లవాళ్ల బతుకు తలుచుకుంటే అది నిజమే అనిపించిందని 1965లో ఒక ప్రసంగంలో ఆయనే చెప్పుకున్నారు. అమెరికాలో తెల్లవాళ్లు, నల్లవాళ్లు బాగా విడిపోయి ఉండే వేళ ఆదివారం ఉదయం పదకొండు గంటలే అని కూడా ఆయన అనేవారు. మా ఆరాధన జరిగేదీ ఆ వేళకే.

2017 ఫిబ్రవరి 22న అమెరికాలో, కాన్సస్ రాష్ట్రం ఒలేతేలో, మన తెలుగువాడు కూచిభొట్ల శ్రీనివాస్‌ను ఒకడు నా దేశం విడిచిపో అని అరుస్తూ కాల్చి చంపాడు. ఆ రోజు ఎన్ని తెలుగు ఇళ్లలో కన్నీళ్లు పెట్టుకున్నారో అందరికీ గుర్తుండే ఉంటుంది. అడ్డుపడబోయిన ఇయాన్ గ్రిలట్ అనే తెల్లబ్బాయికి కూడా తూటా తగిలింది. అతను కోలుకోవాలని మేమూ ప్రార్థించాం. అంత ప్రార్థించిన మేమే, ఇయాన్ చేసినదాంట్లో వెయ్యో వంతు కూడా మా మూడో బెంచీ దగ్గర చెయ్యలేకపోయాం.

అమెరికాలో 2017 నుంచి ఏటా జనవరిలో, కింగ్ జయంతి సెలవు మర్నాడు వచ్చే మంగళవారం, జాతి గాయాలు మాన్పుకునే రోజుగా జరుపుతున్నారు. చర్చిల్లో, లైబ్రరీల్లో, స్కూళ్లలో మనుషులు గుండ్రంగా కూర్చుంటారు. ఒకరు తమకు జరిగింది చెబుతుంటే మిగతావాళ్లు మధ్యలో అడ్డం రారు. దక్షిణాఫ్రికాలో 1996లో ఆర్చిబిషప్ డెస్మండ్ టూటూ అధ్యక్షతన, వర్ణవివక్ష పాలనలో జరిగిన అకృత్యాల మీద సత్య, సయోధ్య కమిషన్ విచారణలు మొదలైనప్పుడు, బాధితులు తమ తల్లి భాషలోనే చెప్పుకునేలా అనువాదకులను పెట్టారు. ఇవి చదివి మేము మా సభలకి రెండు నియమాలు తెచ్చుకున్నాం. చెప్పేవాళ్లకి జవాబు చెప్పకూడదు. ఎవరి భాషలో వాళ్లు మాట్లాడాలి, అనువాదం మా యువజనులు చూసుకోవాలి.

మిగతాదంతా మన పల్నాడు నుంచే తెచ్చుకున్నాం. 12వ శతాబ్దంలో బ్రహ్మనాయుడు అన్ని కులాలవాళ్లనీ ఒకే చాప మీద కూర్చోబెట్టి చాపకూడు పెట్టాడని, మాల కన్నమదాసును కొడుకులా చూసుకున్నాడని ఇక్కడ చిన్నపిల్లలకి కూడా తెలుసు. కారంపూడి వీరారాధన ఉత్సవాల్లో ఇప్పటికీ చాపకూడు జరుగుతుంది. ఆయన చెన్నకేశవస్వామి భక్తుడు, మేము క్రైస్తవులం. అయినా ఇంత మంచి పేరు ఇంట్లో ఉండగా ఇంకో పేరు వెతకబుద్ధి కాలేదు. అందుకే మా సభల పేరు కూడా చాపకూడే.

నెలకి ఒకసారి, రెండో శనివారం సాయంత్రం, చర్చి ఆవరణలో వేపచెట్టు కింద కూర్చుంటున్నాం. మొదటిసారి ముప్పై మందిమి లేము, ఇప్పుడు నూట ఇరవై దాకా వస్తున్నారు. పక్క వీధి రామాలయం కమిటీవారు చాపలు అరువిచ్చారు. వెనక వీధిలోని ముస్లిం కుటుంబాలు వస్తున్నాయి. ఆ టాంజానియా కుర్రాడు తన స్నేహితులతో వస్తున్నాడు. ఒక నెల వంట వాళ్లే చేశారు. మొక్కజొన్న పిండిని గట్టిగా ఉడికించి ఉగాలి అన్నారు, పక్కన ఆకుకూర పెట్టారు. అమ్మమ్మ ఒక ముద్ద చేత్తో చేసుకుని తిని, "ఇది మా జొన్న సంకటీ తోటకూరా కదరా" అంది. నిజంగానే అది తోటకూరే. ఆ రోజు తర్వాత ఆ పిల్లలు ఆవిడని అమ్మమ్మ అని తెలుగులోనే పిలుస్తున్నారు. వాళ్లలో ఇద్దరికి మా సంఘంలోని ఒక కుటుంబం మేడ మీద గది అద్దెకిచ్చింది.

కొందరు పెద్దలు మమ్మల్ని ఒక ప్రశ్న అడిగారు, అడగవలసిందే. ఇది రాజీ సభా? మన పల్లెల్లో రాజీ అంటే దెబ్బ తిన్నవాణ్ణి కేసు వాపసు తీసుకోమనడం. తెనాలి దగ్గర చుండూరులో 1991 ఆగస్టు 6న ఎనిమిది మంది దళితులను చంపారు. ఆ ఇళ్లవాళ్ల దగ్గరికెళ్లి ఇక మరిచిపోండి అనే హక్కు ఏ చర్చికీ లేదు, ఏ కమిటీకీ లేదు. కోర్టులో తేలవలసింది కోర్టులోనే తేలాలి. చాపకూడులో క్షమించమని ఎవరినీ అడగం. వినడానికే కూర్చుంటాం. గాయం ఎవరిదో వాళ్లు మాట్లాడతారు, మిగతావాళ్లం నోరు మూసుకుని వింటాం, ఆ తర్వాత అందరం కలిసి తింటాం. ఇంతకు మించి పెద్ద మాటలు మేము చెప్పడం లేదు.

ఇక డబ్బు సంగతి. వాన వస్తే సభ ఆగిపోతోంది. గడిచిన వానాకాలంలో మూడు నెలలు వరసగా ఆగింది. మూడో నెల ఒక తల్లి తన కొడుకు సంగతి చెప్పడానికి నరసరావుపేట నుంచి బస్సెక్కి వచ్చి, తడిసి, చెప్పకుండానే వెళ్లిపోయింది. ఆ రోజే షెడ్డు వెయ్యాలని తీర్మానించాం. నలభై అడుగుల పొడవు, ఇరవై అయిదు అడుగుల వెడల్పు రేకుల షెడ్డుకి 3,50,000 రూపాయలు అవుతుందని మేస్త్రీ లెక్క వేశాడు. గచ్చుకి, చేతులు కడుక్కునే కుళాయిలకి 80,000. గ్యాస్ పొయ్యిలు, గుండిగలు, గరిటెలు, 150 స్టీలు పళ్లాలు, 150 గ్లాసులకి 60,000. అన్నీ కలిపి 4,90,000. ఇప్పటికి సంఘ సభ్యులు 1,62,000 ఇచ్చారు. ఇంకా 3,28,000 కావాలి.

ఒక నెల భోజనానికి 9,000 దాకా ఖర్చవుతోంది. అమ్మానాన్నల జ్ఞాపకార్థం ఒక పూట భోజనం పెట్టించాలనుకునేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోండి. అంత వీలు కానివాళ్లు ఒక తుంగచాప ఇవ్వండి, లేదా దాని ఖరీదు 300 ఇవ్వండి. అరువు చాపలు తిరిగిచ్చెయ్యాలి. కూలి పని చేసుకునే వాళ్లు ఒక పూట వంటకి సాయం వచ్చినా రిజిస్టరులో విరాళంగానే రాస్తాం.

షెడ్డు గోడ మీద దాతల పేర్ల ఫలకం పెట్టం. ఎవరి పేరు పైన, ఎవరిది కింద అనే పేచీ ఆ రాయితోనే మొదలవుతుంది. రసీదు మాత్రం ప్రతి రూపాయికీ ఇస్తాం. జమాఖర్చులు నెల నెలా మొదటి ఆదివారం నోటీసు బోర్డులో పెడతాం, ఎవరైనా వచ్చి చూడవచ్చు.

విరాళాలు చర్చి ఆఫీసులో కోశాధికారికి ఇవ్వండి. ఫోన్‌పే చేసేవాళ్లు ఆఫీసు గోడకి అంటించిన సంఘం క్యూఆర్ కోడ్‌కే పంపండి, కమిటీ సభ్యుల సొంత నంబర్లకి వద్దు. విదేశాల్లో ఉన్న మన పిల్లలకి ఒక మాట. మా సంఘానికి విదేశీ విరాళాలు తీసుకునే రిజిస్ట్రేషన్ లేదు. భారత పౌరసత్వం ఉన్నవాళ్లు తమ సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే తీసుకోగలం. అక్కడి పౌరసత్వం తీసుకున్నవాళ్లు డబ్బు పంపవద్దు. ఊరికి వచ్చినప్పుడు ఒక శనివారం వచ్చి, రంగు గురించి అక్కడ మీకు ఎదురైనవి చెప్పండి. మా పిల్లలు వినాలి.

వచ్చే రెండో శనివారం సాయంత్రం ఆరింటికి అందరూ రండి. కులం, మతం, దేశం ఏదైనా సరే. పళ్లెం, గ్లాసు వెంట తెచ్చుకోవద్దు. గ్లాసులన్నీ కడిగి ఒకే బుట్టలో బోర్లించి పెడతాం, చేతికి ఏది వస్తే అది తీసుకోండి.

ఇట్లు,
సంఘ కమిటీ, గుంటూరు