నడుం నొప్పికి యంత్రం కొనేముందు

సంపాదకులు గారికి,

తిరుపతి మందుల షాపుల్లో నడుం బెల్టు, ఒంటికి ప్యాడ్లు అంటించి సన్నటి కరెంటు పంపే టెన్స్ యంత్రం ఇప్పుడు డాక్టరు చీటీ లేకుండానే దొరుకుతున్నాయి. కొన్నవారు వాటినే వైద్యం అనుకుంటున్నారు. వేరే జబ్బేమీ లేకుండా మూడు నెలలు దాటిన నడుం నొప్పికి వ్యాయామం చేయించమనీ, ఈ రెండూ మామూలు చికిత్సగా ఇవ్వొద్దనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 డిసెంబరులో చెప్పింది. కొన్నదాన్ని పారేయమని మేం అనం. టెన్స్ నొప్పిని కాసేపు మరిపిస్తుంది, ఆ కాసేపట్లో లేచి కదిలితే డబ్బు దక్కినట్టే.

పొరపాట్లన్నీ ప్యాడ్ల దగ్గరే. నూనె, బామ్ రాసిన ఒంటికి ప్యాడ్ సరిగా అంటదు. అంటిన కాస్త చోటికే కరెంటంతా చేరి చురుక్కుమంటుంది. సబ్బుతో కడిగి, తుడిచి, యంత్రం ఆపి ఉండగానే వెన్నెముకకు అటొకటి ఇటొకటి అంటించాలి. జుమ్ముమంటే చాలు, కండ ఎగిరిపడక్కర్లేదు. 20-30 నిమిషాలు పెట్టి తీసేయాలి. పేస్‌మేకర్ ఉన్నవారు, గర్భిణులు దాని జోలికి పోవద్దు. షుగర్‌తో స్పర్శ తగ్గినవారికి వేడినీళ్ల సంచి కూడా ప్రమాదమే, బొబ్బ లేచేదాకా తెలియదు.

వ్యాయామాల్లో ఒక్కటే చెయ్యగలమంటే ఇది చేయండి. చేతులు, మోకాళ్ల మీద ఆవులా నిలబడి కుడిచెయ్యి ముందుకు, ఎడమకాలు వెనక్కు చాపి పది సెకన్లు ఆగాలి. నడుం మీద చెంబుతో నీళ్లు పెట్టినా తొణక్కూడదు. మడమ పిరుదుల కంటే పైకి లేస్తే నడుం గుంటపడి నొప్పి తిరగబెడుతుంది. తర్వాత ఎడమచెయ్యి, కుడికాలు. ఒక్కో వైపు ఆరుసార్లు, కాస్త ఆగి నాలుగుసార్లు, మళ్లీ ఆగి రెండుసార్లు. రెండు వారాలకు నొప్పి తగ్గగానే చాలామంది మానేస్తారు. కండ గట్టిపడటానికి ఆ రెండు వారాలు ఏ మూలకు?

నిద్ర లేచిన గంటలోపు మాత్రం వంగే పని పెట్టుకోవద్దు. వెన్నుపూసల మధ్య మెత్తల్లా ఉండే డిస్కులు రాత్రంతా నీరు పీల్చి బిగుసుకుని ఉంటాయి. తెల్లారగానే వంగి కసువు ఊడ్చి ముగ్గేసే ఆడవాళ్లకు నొప్పి పొద్దున్నే ఎక్కువుండటానికి ఇదో కారణం. పొడుగు కర్ర చీపురు పట్టుకోండి, ముగ్గు గొంతుకూర్చుని వేయండి.

అలిపిరి 3,550 మెట్లు ఎక్కొచ్చా అంటారా? రోజూ నడిచే అలవాటుండి, నొప్పి మోకాలి కిందికి పాకకపోతే ఎక్కొచ్చు. సంచి దేవస్థానం లగేజీ కౌంటర్లో ఇచ్చేయండి, పైకి ఉచితంగానే చేరుస్తారు.

మూత్రం పట్టు తప్పినా, కూర్చునే చోట మొద్దుబారినా, పాదం లేవక నడకలో చెప్పు జారిపోతున్నా యంత్రం పక్కనపెట్టి ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి.

– ఫిజియోథెరపిస్టులు, తిరుపతి