ల్యాప్‌టాప్‌ను బీరువాలో దాచకండి

తల్లిదండ్రులకు నమస్కారం.

ఎనిమిదో తరగతిలో ఇద్దరికొకటి చొప్పున ల్యాప్‌టాప్ ఇస్తున్నాం. శుక్రవారం సాయంత్రం వంతు ప్రకారం ఒకరు ఇంటికి తెస్తారు. సోమవారం ప్రార్థన వేళకు అది బడిలో ఉండాలి.

తలా ఒకటి ఎందుకివ్వలేదని కొందరు అడిగారు. పెరూ దేశంలో అలాగే పంచారు. అక్కడి 319 బడులను పరిశీలించిన అధ్యయనం 2012లో బయటికొచ్చింది. లెక్కల్లోనూ, చదవడంలోనూ మార్కులు పెరిగిన దాఖలా కనిపించలేదు. బడుల్లో ఇంటర్నెట్ దాదాపు లేదు. పాడవుతుందన్న భయంతో చాలాచోట్ల వాటిని పిల్లల చేత ఇంటికే పంపలేదు. అందుకే మేం మిషన్ల సంఖ్య తగ్గించి, మిగిలిన డబ్బుతో చార్జర్లు, కీబోర్డులు, బ్యాటరీలు విడిగా కొని పెట్టాం. పగిలితే బాగుచేసుకుందాం. పిల్లల్ని మాత్రం భయపెట్టకండి, భయపడితే దాచేస్తారు.

తెర 11.6 అంగుళాలు, ర్యామ్ (పని జరిగేటప్పుడు వాడే తాత్కాలిక జ్ఞాపకం) 4 జీబీ, స్టోరేజీ (ఫైళ్లు దాచుకునే చోటు) 64 జీబీ. ఆ స్టోరేజీ చిప్పును బోర్డుకే అతికించేశారు, విడిగా మార్చలేం. సినిమాలతో నింపితే అప్‌డేట్ సగంలో ఆగి, మిషన్ నత్తనడక నడుస్తుంది.

తెరలు కింద పడితేనే పగులుతాయనుకోకండి. కీబోర్డు మీద పెన్ను మరిచిపోయి మూత వేస్తారు, టప్పుమంటుంది, అంతే. మూతను ఒక మూల పట్టుకుని ఎత్తితే కొన్నాళ్లకు తలుపు బందులాంటి మూత కీలు వదులై అంచు చీలుతుంది. రెండు చేతులతో గానీ, మధ్యలో పట్టుకుని గానీ తెరవాలి. చార్జర్‌ను వైరు పట్టి లాగితే పిన్ను దగ్గర లోపలి తీగ తెగుతుంది, పైకి మాత్రం బాగానే కనిపిస్తుంది.

చార్జర్ 45 వాట్లదే. కానీ మామూలు 6 ఆంపియర్ల ప్లగ్గు 230 వోల్టుల దగ్గర అన్నీ కలిపి మోసేది 1,380 వాట్లే. ఇస్త్రీపెట్టె, మిక్సీ నడుస్తున్న ఎక్స్‌టెన్షన్ బోర్డుకే దీన్నీ తగిలించొద్దు. పరుపు మీద, దుప్పటి కింద చార్జింగ్ వద్దు. రేకుల ఇల్లయితే మధ్యాహ్నం పూట అసలే వద్దు, వేడికి బ్యాటరీ త్వరగా పాడవుతుంది. టచ్‌ప్యాడ్ (వేలితో బాణం గుర్తును కదిపే పలక) ఉబ్బినట్టు కనిపిస్తే బ్యాటరీ పొంగిందని లెక్క. వెంటనే ఆపేసి, చార్జర్ తీసేసి, నొక్కకుండా బడికి తెచ్చివ్వండి.

టీ ఒలికితే పవర్ బటన్ పది సెకన్లు నొక్కి పట్టి ఆపి, చార్జర్ తీసి, బోర్లించి గుడారంలా నిలబెట్టండి. బియ్యం డబ్బాలో పెట్టకండి. బియ్యం తేమ లాగేది తక్కువ, లోపలికి పోయే తవుడు ఎక్కువ.

ఈ వారం ఇంటిపని తెలుగు టైపింగు, ఇన్‌స్క్రిప్ట్ (భారతీయ భాషల కీబోర్డు అమరిక) పద్ధతిలో. ‘అమ్మ’ రావాలంటే షిఫ్ట్‌తో డి, తర్వాత వరసగా సి, డి, సి. మధ్యలో ఉన్న డి పొల్లు. మీ ఇంటి పేరును ఎలా కొట్టాలో పిల్లల్నే అడగండి.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయులు